న్యూరోస్పోరా: జన్యు వ్యక్తీకరణ పరిశోధన చరిత్ర

న్యూరోస్పోరా క్రాసా నారింజ రంగులో పెరిగే రొట్టె బూజు. జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుంది, ఎప్పుడు మూగబోతుంది అన్న ప్రశ్న మీద ఎనభై ఏళ్లకు పైగా ప్రయోగశాలలు నమ్ముకున్న నమూనా శిలీంధ్రం ఇది. తెలుగు నేల మీద ఈ పరిశోధన ప్రధానంగా హైదరాబాదులోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ)లో, ఆ తర్వాత సీడీఎఫ్‌డీ (సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్)లో జరిగింది.

ఈ బూజుకు కాలిన నేల ఇష్టం. దీని లైంగిక సిద్ధబీజాలు నల్లగా, గట్టి పెంకుతో ఉంటాయి. వేడి తగిలితే తప్ప మొలకెత్తవు. ప్రయోగశాలలో వాటిని 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి నిద్ర లేపుతారు. అడవిలో ఆ పని నిప్పు చేస్తుంది. భద్రాచలం ఏజెన్సీలో, పర్ణశాల, చర్ల వైపు ఊళ్లలో పోడు కొట్టి ఎండిన చెట్టూ చేమా తగలబెట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. ఉష్ణదేశాల్లో అలా కాలిన మోళ్ల మీద కొద్ది రోజులకే నారింజ పొడి కనిపిస్తే అది సాధారణంగా ఏదో ఒక న్యూరోస్పోరా జాతే. బెంగళూరు ఐఐఎస్సీలో రమేశ్ మహేశ్వరి బృందం దీని సహజ జీవితాన్ని చెరుకు తోటలో గమనించి 1996లో ప్రచురించింది. ఆకు తగలబెట్టిన చెరుకు మోళ్ల మీద పెరిగే న్యూరోస్పోరా ఇంటర్మీడియా కథ అది.

తొలి దశ

1843లో పారిస్ రొట్టె బట్టీలను ఈ బూజు పీడించింది. జావాలో దీని చుట్టమైన న్యూరోస్పోరా ఇంటర్మీడియాతో ఒంచొమ్ అనే తినుబండారం పులియబెడతారు. 1927లో షియర్, డాడ్జ్ న్యూరోస్పోరా అన్న ఇప్పటి పేరు పెట్టారు. ఆ మధ్య ఎనభై ఏళ్లలో జన్యుశాస్త్రానికి పనికొచ్చింది పెద్దగా ఏమీ లేదు.

1941లో స్టాన్‌ఫర్డ్‌లో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్ ఈ బూజు సిద్ధబీజాలను ఎక్స్ కిరణాలతో దెబ్బతీసి, ఒక్కో సంతానాన్నీ విడిగా పెంచి చూశారు. 299వ దానికి విటమిన్ బీ6 అందిస్తేనే బతుకు. ఒక జన్యువు చెడితే ఒక రసాయన చర్య ఆగిపోతుందన్న సూత్రం అక్కడ నిలబడింది. 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. జన్యువు ఏం చేస్తుందో అలా తెలిసింది. దానికి ఆ పని ఎప్పుడు చేయాలో ఎవరు చెబుతారన్నది మాత్రం ఇంకా మిగిలింది.

దానికి తొలి చక్కని జవాబు నార్మన్ గైల్స్ బృందం నుంచి వచ్చింది. క్వినిక్ ఆమ్లాన్ని ఆహారంగా ఇచ్చినప్పుడు దాన్ని జీర్ణించుకునే జన్యువులు గుంపుగా మేల్కొంటాయి. వాటిని లేపే ప్రొటీన్ ఒకటి, నొక్కి ఉంచేది మరొకటి. 1979లో మేరీ కేస్, గైల్స్ తదితరులు ఈ గుంపులోని జన్యువునే బయటి నుంచి బూజులోకి చొప్పించి, అది స్థిరంగా పనిచేస్తుందని చూపించారు.

మూగబోయే జన్యువులు

1980ల చివరి నుంచి పరిశోధన మలుపు తిరిగింది. 1987లో ఆరెగాన్‌లోని ఎరిక్ సెల్కర్ బృందం ఒక వింత కనిపెట్టింది. ఈ బూజులో ఏదైనా డీఎన్ఏ భాగం రెండు ప్రతులుగా ఉంటే, సంపర్కం జరిగాక, కేంద్రకాలు కలిసే ముందు కణం ఆ రెండిటినీ పసిగడుతుంది. వాటిలోని జీ–సీ జతలను ఏ–టీ జతలుగా మార్చి పాడుచేస్తుంది. మిగిలిన సైటోసీన్లకు మిథైల్ ముద్ర వేస్తుంది. ఒకే తరంలో దాదాపు మూడో వంతు జీ–సీ జతలు మారిపోవచ్చు. దీన్ని రిప్ అంటారు. చోటు మార్చి దూకే డీఎన్ఏ ముక్కలు జీనోమ్‌లో వ్యాపించకుండా ఇది కాపలా. 2003లో జీనోమ్ మొత్తం చదివినప్పుడు ఏడు క్రోమోజోములు, సుమారు 4 కోట్ల అక్షరాలు, దాదాపు పదివేల జన్యువులు కనిపించాయి. దగ్గరి పోలిక ఉన్న జంట జన్యువులు మాత్రం అరుదు. కాపలా అంత కఠినం.

1992లో రోమ్‌లో రొమానో, మచీనో నారింజ రంగునిచ్చే జన్యువుకు అదనపు ప్రతులు ఇచ్చారు. రంగు పెరగాల్సింది పోయి బూజు తెల్లబడింది. అదనపు ప్రతులే అసలు జన్యువును మూగబోయేలా చేశాయి; ఇది రెండో పద్ధతి. 2001లో షియూ, రాజు, జిక్లర్, మెట్జెన్‌బర్గ్ మూడో పద్ధతిని వర్ణించారు. క్షయకరణ విభజనలో జత దొరకని జన్యువు ఉంటే, దాని పోలికలున్న ప్రతులన్నీ, జతగా ఉన్నవి సైతం, ఆ దశలో మౌనం వహిస్తాయి. సిద్ధబీజాల ఆకారాన్ని నిర్ణయించే రౌండ్ స్పోర్ జన్యువును తల్లిదండ్రుల్లో ఒకరిలో తొలగిస్తే చాలు, కండె ఆకారంలో రావాల్సిన సిద్ధబీజాలన్నీ గుండ్రంగా వస్తాయి. ఈ రచయితల్లో నంబూరి బి. రాజు స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ పెర్కిన్స్ ప్రయోగశాలలో దశాబ్దాల పాటు న్యూరోస్పోరా క్షయకరణ విభజనను సూక్ష్మదర్శిని కింద చూసినవారు. 1980లో ఆయన రాసిన సమగ్ర వ్యాసం నేటికీ ప్రమాణమే.

హైదరాబాదు కృషి

1977లో పీఎం భార్గవ సారథ్యంలో మొదలైన సీసీఎంబీని 1987 నవంబరు 26న జాతికి అంకితం చేశారు. అక్కడ దుర్గాదాస్ పి. కస్బేకర్ న్యూరోస్పోరా ప్రయోగశాల నడిపారు. తర్వాత ఆయన సీడీఎఫ్‌డీలో హాల్డేన్ పీఠం అధిష్ఠించారు. భట్నాగర్ పురస్కార గ్రహీత.

ఈ ప్రయోగశాల మొదట ఎర్గ్–3 అనే జన్యువును పట్టుకుంది. బూజు పొరల్లో ఉండే ఎర్గోస్టెరాల్ తయారీలో ఒక మెట్టు దీనిది. 1994లో పాపవినాససుందరం, కస్బేకర్ దీని ప్రొటీన్‌కు కోడి కణాల కేంద్రక పొరలోని లామిన్ బీ గ్రాహకంతో పోలిక ఉందని చూపించారు. బూజులో జిడ్డు తయారుచేసే ప్రొటీన్‌కూ, జంతు కేంద్రకపు గోడలోని ప్రొటీన్‌కూ చుట్టరికం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? 1999లో ప్రకాశ్, సేన్‌గుప్తా, అపర్ణ, కస్బేకర్ బూజు ప్రొటీన్‌లో కొంత భాగం తీసి మానవ లామిన్ బీ గ్రాహకపు భాగాన్ని అతికించారు. ఆ సంకర ప్రొటీన్ చెడిన బూజును బాగుచేసింది. అందుకు కావలసిన, ఎర్గ్–3 పూర్తిగా చెడిన సంతానాన్ని వారు రిప్ సాయంతోనే పుట్టించారు.

ఎర్గ్–3 మరో రకంగానూ పనికొచ్చింది. ఈ జన్యువు చెడిన సంతానం సార్బోజ్ కలిపిన పళ్లెం మీద వేరే రూపంలో పెరుగుతుంది. అంటే రిప్ ఎంత జోరుగా జరిగిందో సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి చెప్పవచ్చు. పెర్కిన్స్ 1968 నుంచి దేశదేశాల్లో కాలిన మోళ్ల మీద సేకరించిన అడవి రకాలను కస్బేకర్ బృందం ఈ పద్ధతిలో వరసగా పరీక్షించింది. 2000లో నూబిసి, మెక్‌క్లస్కీ, కస్బేకర్ కొన్ని అడవి రకాలతో సంపర్కం చేస్తే రిప్ తగ్గిపోతుందని వెల్లడించారు. 2001లో భట్, కస్బేకర్ అందుకు ఒక కారణం చూపించారు. క్రోమోజోములో పెద్ద ముక్క రెట్టింపయి ఉంటే, కణంలోని రిప్ యంత్రాంగమంతా దాని మీదే ఖర్చయిపోతుంది. చిన్న జంట జన్యువు తప్పించుకుంటుంది. బందోబస్తు అంతా జాతర దగ్గర ఉంటే పక్క వీధిలో దొంగ దర్జాగా నడిచిపోయినట్టు. సరళమైన, అందమైన ప్రయోగం.

రిప్ చేయలేని అంతర్గత ఉత్పరివర్తనాలు దొరకాలంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి రావాలి. న్యూరోస్పోరా క్రాసాలో అది కష్టం. అందుకని భట్, తమూలీ, కస్బేకర్ 2004లో తనతో తానే సంపర్కం చేసుకోగల న్యూరోస్పోరా టెట్రాస్పెర్మాను ఎంచుకున్నారు. దానిలో బయటి డీఎన్ఏను చొప్పించి, స్వసంపర్కంలోనూ రిప్ జరుగుతుందని నిరూపించారు.

క్షయకరణ మౌనం మీద ఈ బృందం చేసిన పని మరింత విలువైనది. ప్రయోగశాలలు మామూలుగా వాడేది ఓక్‌రిడ్జ్ రకం. దానిలో ఈ మౌనం బలంగా ఉంటుంది. అడవి రకాల మాటేమిటి? 2011లో కస్బేకర్, రామకృష్ణన్, సౌజన్య తదితరులతో కలిసి ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎక్కువ అడవి రకాలతో చేసిన సంపర్కాల్లో తొలుత ఏర్పడే ఫలనిర్మాణాల్లో మౌనం గట్టిగా ఉండి, తర్వాతి వాటిలో సన్నగిల్లుతుంది. అంటే పాఠ్యపుస్తకాలు వర్ణించే ఓక్‌రిడ్జ్ ధోరణి ఈ జాతి సగటు స్వభావం కాదు. హైతీలో దొరికిన కార్‌ఫూర్ మదామ్ గ్రా అనే అడవి రకంలోనైతే రిప్‌ను అణచడానికి తోడ్పడే అంశం ఒకటి ఉందని కూడా ఇదే ప్రయోగశాల చూపించింది.

ఇతర దిశలు

ఫ్రీక్వెన్సీ జన్యువు ద్వారా నడిచే సుమారు 22 గంటల జీవగడియారం (డన్‌లాప్, లోరోస్), వెలుతురును పసిగట్టే వైట్ కాలర్ ప్రొటీన్లు విస్తారంగా అధ్యయనమయ్యాయి. 2009 తర్వాత లూయిస్ గ్లాస్ బృందం బూజు గడ్డి మీద పెరిగేటప్పుడు మేల్కొనే వందలాది జన్యువులను నమోదు చేసింది. సెల్యులోజ్‌ను విరగ్గొట్టే ఎంజైములకు ఆదేశమిచ్చే సీఎల్ఆర్–1, సీఎల్ఆర్–2 అనే నియంత్రకాలు 2012లో బయటపడ్డాయి.  2004 పరిశోధనలో కస్బేకర్‌తో పనిచేసిన రంజన్ తమూలీ గువాహటి ఐఐటీలో సొంత ప్రయోగశాల పెట్టి, న్యూరోస్పోరా కణాల్లో కాల్షియం సంకేతాలను నడిపే జన్యువుల మీద పనిచేస్తున్నారు.