సూపర్ హీరో అంటే జనానికి ప్రేమా, భయమా?

సూపర్ హీరో ఎంత బలవంతుడైనా, జనం నమ్మకపోతే ముసుగు దొంగే. ఆ నమ్మకం ఒక్కో కామిక్స్ ప్రపంచంలో ఒక్కోలా ఉంటుంది.

1938లో వచ్చిన డీసీ హీరో సూపర్‌మ్యాన్ మెట్రోపాలిస్ వాసులకు ఆత్మీయుడు. మార్వెల్ హీరోలకు అంత ఆదరణ దొరకదు. స్పైడర్‌మ్యాన్ ఎంతమందిని కాపాడినా 'డైలీ బ్యూగిల్' పత్రిక అతణ్ని నగరానికి ముప్పుగానే చూపిస్తుంది. ఎక్స్‌మెన్‌ను పుట్టుకతోనే వేరుగా ఉన్నందుకు ద్వేషిస్తారు. 2006 నాటి 'సివిల్ వార్' కథలో స్టాంఫర్డ్ పేలుడుకు 600 మందికి పైగా బలవుతారు. జనాగ్రహంతో, హీరోలంతా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలనే చట్టం వస్తుంది.

దిల్లీలో 1986లో మొదలైన రాజ్ కామిక్స్ హిందీ కథల్లో ఈ రెండు ధోరణులూ కనిపిస్తాయి. పోలీసు అధికారి దత్తత తీసుకున్న సూపర్ కమాండో ధ్రువ చట్టానికి లోబడి పనిచేస్తాడు. రాజ్‌నగర్ వాసులు అతణ్ని తమవాడనుకుంటారు. కుక్క ముసుగు వేసుకుని ముంబయి మాఫియాను వేటాడే డోగా మాత్రం పోలీసులకు నేరస్థుడు. చట్టం మీద ఆశ వదులుకున్నవాళ్లకు అతడే దిక్కు.

2012 డిసెంబరులో దిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం మరో హీరో పుట్టుకకు కారణమైంది. నాటి నిరసనలను చూసిన భారతీయ అమెరికన్ దర్శకుడు రామ్ దేవినేని, ఇతరులతో కలిసి 2014లో 'ప్రియాస్ శక్తి' తెచ్చారు. అత్యాచారానికి గురైన ప్రియను ఇంటివాళ్లే నిందించి దూరం పెడతారు. పార్వతీదేవి అండతో ఆమె పులినెక్కి తిరిగొస్తుంది. ఆమె మార్చాల్సింది తనను వెలివేసిన ఆ మనుషులనే.