చిల్లుల కాగితం, బొగ్గుపొడి: ఒక చరిత్ర ప్రశ్న

1515లో పోప్ పదవ లియో సిస్టీన్ చాపెల్ గోడలకు వేలాడదీయడానికి నేత తెరలు కావాలన్నాడు. వాటికి రఫేల్ కాగితం మీద నిలువెత్తు నమూనాలు వేశాడు. మిగిలిన ఏడూ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. 2019లో వాటిని అంగుళం అంగుళం డిజిటల్ కెమెరాతోనూ, పరారుణ కిరణాలతోనూ, ఉపరితలపు ఎగుడుదిగుళ్లను పట్టే స్కానర్‌తోనూ నమోదు చేశారు. పరారుణ కిరణం చాలా రంగుల గుండా చొచ్చుకుపోతుంది. బొగ్గు దాన్ని మింగేస్తుంది. అందుచేత రంగు అడుగున చిత్రకారుడు మొదట గీసిన గీత నల్లగా పైకి తేలుతుంది. ఆ గీతల వెంబడి వరసగా సూదిపోట్లు కూడా ఉన్నాయి.

గుడివాడలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ సూదిపోట్లతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. గుడివాడలో బందరు రైలెక్కితే దారిలో పెడన వస్తుంది. అక్కడి అద్దకం ఇవాళ చెక్క అచ్చుల మీద నడుస్తున్నది గాని, 17, 18 శతాబ్దాలలో కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన మేలురకం చిత్రవస్త్రాలు కలంతో గీసినవి. 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగింది గుడ్డల బేరానికే. ఆ చిత్రవస్త్రాలకు ముందు బొమ్మను కాగితం మీద గీసేవారు. గీత వెంట సూదితో పొడిచి, కాగితాన్ని గుడ్డమీద పరచి, బొగ్గుపొడి మూటతో అద్దేవారు. రఫేల్ కాగితాల మీది సూదిపోట్లూ ఇటువంటి పనికే. యుక్తి ఒకటే. తాటాకు మీద గంటంతో గీరి, మసి పూసి అక్షరాన్ని తేల్చిన మన లేఖకుడు కూడా వీళ్లకు దూరపు చుట్టమే.

తేడా ఎక్కడంటే, అక్కడ కాగితం బతికింది. ఇక్కడ బతకడానికి వీలేదీ? 1864 నవంబరు 1 ఉప్పెన బందరులో దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమ ఊళ్లను ఊడ్చుకుపోయింది. మనిషికే ఆసరా లేనిచోట అద్దకంవాడి చిల్లుల కాగితానికి ఆయుర్దాయం ఎంత? అతని గీత మిగిలితే పరాయి దేశపు మ్యూజియం బీరువాలోని గుడ్డలోనే మిగలాలి. ఆ గుడ్డలు కొన్ని రఫేల్ కాగితాలున్న మ్యూజియంలోనే ఉన్నాయి!

అయితే రఫేల్‌కు పనికొచ్చిన పరారుణ కిరణం ఇక్కడ ఆట్టే పనికిరాదు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డమీద బొగ్గుచుక్కల వెంబడి కలంతో కసిం గీస్తారు. కసిం అంటే ఇనప తుక్కు, బెల్లం ఊరవేసిన నీళ్లు. అది కరక్కాయ వగరుతో కలిసి నల్లనవుతుంది. ఆ తరువాత ఎన్ని ఉతుకులో, ఎన్ని కాగులో! బొగ్గు ఏటిపాలవుతుంది. మిగిలిన ఇనప నలుపు పరారుణ కాంతిలో వెలిసిపోతుంది. అతినీలలోహిత కాంతిలో మాత్రం గట్టిగా కనబడుతుంది. మరో విశేషం ఉంది. ఇనుము కాలక్రమాన నూలును తినేస్తుంది. కొన్ని పాత వస్త్రాల్లో గీత ఉండవలసినచోట సన్నని ఖాళీ ఉంటుంది. పనివాడి గీతను అతని రంగే తినేసిందన్నమాట.

సాహిత్య విద్యార్థికి బాగా తెలిసిన పని ఇంకొకటి ఉంది. బ్రౌన్ పండితులచేత ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూయించాడు. ఒకే చిల్లుల కాగితంతో దించిన రెండు గుడ్డల ఛాయాచిత్రాలను కంప్యూటరు మీద ఒకదానిపై ఒకటి పరిస్తే, చుక్కలు కలిసిన మేర కాగితానిది, కలియని మేర చేతిది. కలం ఎక్కడ తడి ఆరింది, ఎక్కడ మళ్లీ ముంచాడు, ఆకు కొసను ఒకడు సాగదీస్తే మరొకడు ఎక్కడ తుంచాడు అన్నవి పాఠాంతరాలు కాక మరేమిటి?

ఇది “జానపద కళ, సామూహిక సృష్టి; వ్యక్తి కోసం వెదకరాదు” అనే మాట మన విమర్శకుల నోటనే విన్నాను. నాకు సమ్మతం కాదు. ఐరోపా పండితులు పేరు తెలియని చిత్రకారుడికి కూడా “ఫలానా చిత్రపు మాస్టర్” అని ఒక పేరు పెట్టి, అతని చేతిని గుర్తుపట్టి, గ్రంథాలు రాశారు. మన గుడ్డ కింద చీటీ మీద చాలాసార్లు “కోరమాండల్ తీరం” అని ఉంటుంది. తీరం బొమ్మ గీస్తుందా? అక్కడా అందరికీ న్యాయం జరిగిందనుకోకండి. రఫేల్ నమూనాలను తెరలుగా నేయించిన బ్రస్సెల్సు కార్ఖానా యజమాని పీటర్ వాన్ ఆల్‌స్ట్ పేరు చరిత్రకెక్కింది. మగ్గం ముందు కూర్చున్నవాళ్లను ఎవరూ తలచుకోరు.

కూర్దూ అనే ఫ్రెంచి పాదిరి తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటువు కూర్చినవాడు. అద్దకం పద్ధతిని 1742లో దశలవారీగా స్వదేశానికి రాసి పంపాడు. మన గుడ్డల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లోనే వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1701లోనూ 1721లోనూ చట్టాలు తెచ్చింది. ఎరుపు ఎలా నిలుస్తున్నదన్నది వాళ్లకు కావలసిన రహస్యం. ఎవరు గీశారన్నది ఎవరికీ అక్కరలేని ప్రశ్న.

మనకైనా అక్కర ఉందా? బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ వద్ద అడివి బాపిరాజు రేఖ నేర్చాడని పాఠం చెబుతాం. పెడనలో టేకు చెక్కమీద అచ్చు చెక్కేవాడి పేరు అడిగామా? అరిగిన అచ్చు పోయి కొత్త అచ్చు వచ్చేలోగా రెంటినీ కాగితంపై ఒత్తి, బడిలో ఉన్న స్కానర్‌కే ఎక్కించవచ్చు. పక్కన చెక్కినవాడి పేరు, ఊరు, చెక్కిన ఏడు రాయడానికి ఏ పరారుణ కిరణమూ అక్కరలేదు.