జూబ్లీ పాటగాళ్లు ఒంగోలు వచ్చి ఉంటే

పోయిన భాగం చదివి కొందరు తమ్ముళ్లు అడిగారు, "అన్నా, పాప్ బ్యాండ్ల చరిత్ర మనకెందుకు?" అని. ఎందుకంటే టికెట్లు అమ్ముకుంటూ దేశదేశాలు తిరిగిన తొలి బృందాల్లో ఒకటి బానిసల పిల్లలది. బీటిల్స్‌కి తొంభై ఏళ్ల ముందు.

1866లో అమెరికాలోని నాష్‌విల్ ఊళ్లో, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవాళ్ల కోసం ఫిస్క్ అనే బడి పెట్టారు. సైన్యం వదిలేసిన ఆసుపత్రి కొట్టాలే తరగతి గదులు. బానిసల్ని అమ్మిన చోట మిగిలిన తుప్పు సంకెళ్లని పాత ఇనుము కింద అమ్మి, అక్షరాలు దిద్దే పుస్తకాలు కొన్నారు. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. సంకెళ్లు అమ్మి పుస్తకాలు కొన్నారు.

ఐదేళ్లకే బడి మూతపడే గతి పట్టింది. లెక్కలు చూసే జార్జ్ వైట్ తెల్లాయన, పాట కూడా నేర్పేవాడు. తొమ్మిది మంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని 1871 అక్టోబర్ 6న చందాల కోసం రోడ్డెక్కాడు. అందులో పియానో వాయించే ఎల్లా షెపర్డ్ ఉంది. చిన్నప్పుడు ఆమెను కన్నతండ్రే యజమానికి డబ్బు కట్టి విడిపించుకున్నాడు.

మొదట్లో వాళ్లు పాడింది తెల్లవాళ్ల పాటలే. తోటల్లో, పత్తిచేలల్లో తల్లులు పాడుకున్న పాటల్ని బయట పాడటానికి సిగ్గుపడ్డారు. అవి బానిసత్వాన్ని గుర్తుచేసే పాటలు. తలుపులేసుకుని తమలో తామే పాడుకునేవాళ్లు. పైగా ఆ రోజుల్లో తెల్లవాళ్లు మొహాలకి మసి పూసుకుని, నల్లవాళ్లని వెక్కిరిస్తూ ఆడే ఆటలకి మహా గిరాకీ. నల్లవాడు వేదికెక్కితే జనం అదే ఆశించేవాళ్లు. ఆ జనం ముందు ఈ పిల్లలు కదలకుండా నిలబడి, గొంతు తగ్గించి, తల్లుల పాట మొదలుపెట్టారు. హాలు నిశ్శబ్దమైంది. ఎంత ధైర్యం కావాలో గూడెంలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.

పేరు బైబిల్లోంచి వచ్చింది. లేవీయకాండంలో యాభయ్యో ఏడు బానిసలు విడుదలయ్యే సునాద సంవత్సరం ఉంది కదా, అదే జూబ్లీ. 1872 కల్లా 20,000 డాలర్లు బడికి తెచ్చిపెట్టారు. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ ఏడే పూణేలో ఫూలే గులాంగిరి అచ్చువేసి, బానిసల్ని విడిపించిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1876లో జూబ్లీ హాల్ లేచింది. పాటతో కట్టిన భవనం, ఇప్పటికీ ఉంది. అంత పేరొచ్చాక కూడా హోటళ్లలో వీళ్లకి గది ఇవ్వనన్నవాళ్లున్నారు. తిరిగి తిరిగి గొంతులు పోయాయి, ఆరోగ్యాలు పోయాయి. 1878లో ఆ బృందం చెదిరిపోయింది.

సరిగ్గా 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఒంగోలులో ఉన్న క్లౌ దొర కూడా అమెరికావాడే. అప్పటికే మనవాళ్లు చచ్చిన గొడ్డు తినమన్నారు, ఆదివారం పనికి రామన్నారు, ఊరి దేవతకి డప్పు కొట్టమన్నారు. ఊరి పెద్దలు కక్ష కట్టారు.

చూడండి, అక్కడ వాళ్లు సిగ్గుపడిన పాటని చేతిలోకి తీసుకున్నారు. ఇక్కడ మనవాళ్లు డప్పు కింద పెట్టారు. ఎవరు తప్పు? నన్నడిగితే ఎవరూ కాదు. డప్పుకి టికెట్ లేదు. కళ్లంలో నాలుగు గింజలు, చచ్చిన గొడ్డు, అదే కూలి. రమ్మన్నప్పుడు రాకపోతే దెబ్బలు. అలాంటి వాయిద్యాన్ని కింద పెట్టడమే ఆనాడు విడుదల. డప్పు వదిలేశారని మనవాళ్లని నిందించే కళాప్రేమికులు వెట్టి సంగతి ఎత్తరు.

ఇప్పుడు నా ఊహ. పాత బృందంలో పాడిన ఫ్రెడరిక్ లౌడిన్ అనే నల్లాయన 1882 నుంచి సొంతంగా బృందం నడిపాడు. యజమానీ అతనే, లెక్కా అతనిదే. 1884లో బయల్దేరి ఆరేళ్లు ప్రపంచం చుట్టాడు. ఆ యాత్ర చివర్లో ఇండియాకీ వచ్చాడు. తాజ్‌మహల్లో కూడా పాడారు. అదే బండి ఒంగోలులో ఆగి ఉంటే? మాదిగపల్లె చావడి ముందు లౌడిన్ పాడాక, మనవాళ్లు అటక మీద పెట్టిన డప్పు దించి చూపించి ఉంటే? "కొట్టు" అనేవాడు కాదు. "కొడితే వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతుంది?" అని అడిగేవాడు. మన పిల్లలు తొమ్మిది మంది డప్పులతో మద్రాసు, రంగూన్ తిరిగి, గూడెంలో సొంత బడి కట్టి ఉండేవాళ్లేమో. బెజవాడలో టికెట్ కొన్న ఆసామి మాదిగ పిల్లల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడేమో.

జరగలేదు. ఆ కాలంలో మనకి పాట ఉంది, గొంతు ఉంది. కొట్టనని చెప్పే హక్కు కోసమే ఇంకా కొట్లాడుతున్నాం. కొట్టి టికెట్ పెట్టే హక్కు ఆ తర్వాతి మెట్టు.

లౌడిన్ మాత్రం ఇంటికెళ్లి ఒహాయోలోని రావెన్నా ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టాడు. ఏం ఫ్యాక్టరీ అనుకున్నారు? చెప్పుల ఫ్యాక్టరీ. తన పేరుతోనే నడిచిన బూట్ల కంపెనీ.