పద్యం పలికే పెట్టె

పాత స్పీకర్లు ఇంట్లో పెట్టుకోవాలనే ముచ్చట ఈమధ్య కుర్రవాళ్లలో బాగా కనపడుతోంది. సంక్రాంతికి ఊళ్లకొచ్చినవాళ్లు మా కొట్టు వెతుక్కుంటూ వస్తారు. "బాబాయ్, తాతగారి రేడియోలో స్పీకరు ఇంకా పనికొస్తుందా?" అని ఒకరడిగితే, "ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫిలిప్స్ పెట్టెలు చూసొచ్చా, తీసుకోనా?" అని ఇంకొకరు. "అందులో ఏం విందామని నాయనా?" అంటాను. పాటలంటారు. ఎవరి పాటలు? ఆ జవాబు వచ్చేదాకా నేను స్క్రూడ్రైవరు ముట్టుకోను. పాత స్పీకరు ప్రతిదీ ఏదో ఒక రకం గొంతు కోసం తయారైంది. మా ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అది ఎవరి గొంతో తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

మాది చిలకలూరిపేట. నాన్నది మైకుసెట్టు కొట్టు. వెనకవైపు జిన్నింగు మిల్లు, ముందు రోడ్డు. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ ఎలక్షన్లకీ బూరలు అద్దెకిచ్చేవాడు, ఖాళీ రోజుల్లో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన పీట వేసుకుని నేను పని నేర్చుకున్నాను. పత్తి దూది, మిరప ఘాటు రెండూ ఆ కొట్టు గాల్లోనే ఉండేవి. స్పీకరు కోన్ల మీద బూజులా పేరుకున్న దూదిని మెత్తటి కుంచెతో దులపడమే నాకు అప్పగించిన మొదటి పని.

మైకు రాకముందు మా వైపు నటుడికి ముందు కావాల్సింది గొంతు. బాపట్ల స్థానం నరసింహారావు, సుద్దపల్లి నుంచి వచ్చిన ఈలపాట రఘురామయ్య లాంటివాళ్లు పెట్రోమాక్సు లైట్ల కింద నిలబడి, చిట్టచివర గోనెపట్టా మీద కూర్చున్న రైతుకి కూడా అక్షరం జారకుండా పద్యం అందించాల్సిన కాలం అది. రాగం ఎంతసేపు లాగినా మాట నలగకూడదు. శ్రుతి పైకి పెట్టుకుని పాడటంలో ఆడంబరం ఏమీ లేదు, దూరం వెళ్లాలంటే ఆ ఎత్తున పాడక తప్పదు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు ప్రజానాట్యమండలి రోజుల్లో వేలమంది ముందు బుర్రకథ చెప్పింది కూడా ఆ తరహా గొంతుతోనే. ఎత్తు స్థాయి, పదును, ప్రతి హల్లూ విడివిడిగా వినపడటం. మా నేల చెవి ఆ గొంతుల దగ్గరే తయారైంది. స్పీకరు ఆ చెవిని వెతుక్కుంటూ తర్వాత వచ్చింది.

దానికీ ముందు గ్రాంఫోను ఉంది. ప్లేటుకి ఒకవైపు మూడు నిమిషాల చిల్లర. ఆ మూడు నిమిషాల్లో ఒక పద్యం, దాని రాగం ఒదిగిపోతాయి కాబట్టి నాటక పద్యాల ప్లేట్లు మా జిల్లాల్లో ఇంటింటికీ చేరాయి. కరెంటు అక్కర్లేదు, కీ ఇస్తే చాలు. సౌండుబాక్సులోంచి లోతు ధ్వనులు రావు, మరీ సన్నటివీ రావు. మధ్యలో గొంతు మాత్రం నిలువెత్తున వస్తుంది.

విద్యుత్తుతో పలికే స్పీకరు ప్రపంచంలో ఒక రూపానికి వచ్చింది 1925లో. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ అనేవాళ్లు కాగితం కోనుకి తీగచుట్ట తగిలించి, అయస్కాంతం మధ్య ఆడించే పద్ధతి నిలబెట్టారు. ఇవాళ మీ ఫోనులో ఉన్న స్పీకరు దాకా అదే సూత్రం. మనదేశంలో జనం ముందుకు దాన్ని తెచ్చింది రాజకీయ సభలు. కాంగ్రెసు సభల ఫొటోల్లో గాంధీగారి ముందు, నెహ్రూగారి ముందు కనిపించే మైకుల మీద 'షికాగో రేడియో' అనే పేరుంటుంది. బొంబాయిలోని మోత్వానీ కుటుంబం కంపెనీ అది. 1940లో ఢిల్లీలో ఆహుజా మొదలైంది. నాకు తెలివి వచ్చేసరికి మా కొట్లో అద్దెకెళ్లే బూరలన్నీ ఆహుజావే. కరెంటు లేని ఊళ్లకి కారు బ్యాటరీ మీద మిషను, అంటే ఆంప్లిఫయరు, నడిపేవాళ్లం. ఎడ్లబండిలో గడ్డి పరిచి, దాని మీద బ్యాటరీ, మిషను, చివర బూరలు.

బూర సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఇంటికి పాత స్పీకరు కావాలనేవాళ్లలో కొందరు ముందు దాని మీదే మోజు పడుతున్నారు కాబట్టి. బూర వెనక గుండ్రంగా ఉండేది యూనిట్. దాన్ని విప్పితే లోపల అరచేతిలో సగం ఉండే గట్టి పొర, దానికి అంటుకుని వెంట్రుకంత సన్నటి తీగచుట్ట. ఆ చిన్న పొర కదలికను గొట్టం మడతలు మడతలుగా పెంచి బయటికి తోస్తుంది. అందుకే ఒక్క వాటు ఇచ్చినా మీటరు దూరంలో వంద డెసిబెల్స్ దాటి పలుకుతుంది. ఇంట్లో వాడే మామూలు పెట్టె ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. ఆ లెక్కన ఇంటిపెట్టెకి పదహారు వాట్లు పోసినా బూర ఒక్క వాటుతో పలికినంత పలకదు. బ్యాటరీ మీద బతికే ఊళ్లకి బూర ఎందుకు నచ్చిందో ఈ లెక్కలోనే ఉంది. అయితే మూడువందల హెర్ట్జ్‌కి కింద దానికి ఊపిరి లేదు. మృదంగం మోత, హార్మోనియం కింది శ్రుతి అందులో ఎగిరిపోతాయి. గొంతు మాత్రం పొలాలు దాటుతుంది. ఆ పని కోసమే పుట్టిన వస్తువుని పన్నెండు అడుగుల గదిలో బిగించకండి. అరగంట వినగానే చెవులు బడలిపోతాయి. బూర అందం చూడాలంటే ఆరుబయటే చూడాలి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో నేను చూశాను. ఊరూరి నుంచి వెదుళ్లతో కట్టిన ప్రభలు, కొన్ని ఎనభై అడుగులు దాటినవి, రంగు బల్బులతో వెలుగుతూ నిలబడతాయి. ప్రతి ప్రభ కిందా ఒక మైకుసెట్టు, ప్రతి సెట్టుకీ ఒక పాట. 1977 సంక్రాంతికి రామారావుగారి 'దానవీరశూర కర్ణ', కృష్ణగారి 'కురుక్షేత్రం' ఒకే రోజు విడుదలయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లు కర్ణ సినిమా మాటలే మా బూరల్లో రాజ్యమేలాయి. ఆ మాటలు రాసిన కొండవీటి వెంకటకవి సత్తెనపల్లి దగ్గర విప్పర్లలో పుట్టినవాడు. మా జిల్లా మాట, మా జిల్లా బూర, మా జిల్లా కొండ. రాత్రి గాలి కొండవైపు తిరిగినప్పుడు సంభాషణలో ఒక్క సమాసం కూడా చెదరకుండా మైలు దూరం వచ్చేది. మాటని మోయడంలో ఆ సాధనానికి సాటి నేనింకా వినలేదు.

ఇళ్లలోకి స్పీకరు తెచ్చింది మాత్రం రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పంచాయతీ ఆఫీసు ముందు సాయంత్రం ఊరంతా చేరి రేడియో వినడం, పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టడం ఆ తరం వాళ్లకి తెలుసు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, ఎచ్ఎంవీ. టేకు పెట్టె, ముందు నేతగుడ్డ, లోపల ఆరంగుళాలో ఎనిమిదంగుళాలో కాగితం కోను. వాల్వులు ఇచ్చేది మూడు నాలుగు వాట్లే. అందుకని ఆ స్పీకర్ని తక్కువ కరెంటుకే మేలుకునేలా పల్చటి కోనుతో చేశారు. అందులోంచి తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన జగ్గయ్యగారు ఢిల్లీ నుంచి చదివిన వార్తలు వచ్చాయి, బాలమురళిగారి భక్తిరంజని వచ్చింది, ఆదివారం మధ్యాహ్నం నాటకం వచ్చింది. జగ్గయ్యగారి గొంతులో కంచు ఉందని అందరూ అంటారు. ఆ కంచు వినాలంటే వాల్వు రేడియో ముందు కూర్చోవాలి.

నాగార్జునసాగర్ కాలువ నీళ్లు 1967లో వదిలారు. తర్వాత పదేళ్లలో మా పల్లెల రూపు మారింది. హైబ్రిడ్ పత్తి డబ్బు చేతికొచ్చిన ఇళ్లలో రేడియో పోయి రేడియోగ్రామ్ వచ్చింది, ఇంకొంచెం ఉన్నవాళ్లు కాస్మిక్ స్టీరియోలు, కలకత్తా సోనోడైన్ పెట్టెలు తెప్పించారు. లేనివాళ్లు మట్టి బాన మూతి మీద ఎనిమిదంగుళాల స్పీకరు బోర్లించి పెట్టుకున్నారు. ఆ బానలోంచి వచ్చే డోలు మోత ఇప్పటికీ నాకిష్టం.

ఇక్కడ ఒక సంగతి మా ప్రాంతం వాళ్లకే తెలుస్తుంది. ధర వస్తుందని రైతులు పత్తిని ఇంట్లోనే, నడవల్లో, పడకగదుల్లో అటక ఎత్తున పోసుకునేవాళ్లు. ఆ రోజుల్లో అదే రేడియో అదే గదిలో వేరేగా పలికేది. నాపరాళ్ల నేల, సున్నం గోడలు సౌండుని వెనక్కి కొడతాయి, పత్తి కుప్ప మింగేస్తుంది. ప్రతిధ్వని పోయి గొంతు చెవి పక్కకొచ్చి మాట్లాడినట్టుండేది. ధర వచ్చి పత్తి మిల్లుకి పోయాక, "రేడియో పాడైంది, గొల్లుమంటోంది" అని మా కొట్టుకి తెచ్చేవాళ్లు. నాన్న విప్పకుండానే నవ్వి, గదిలో ఒక పరుపు వేసుకోమని పంపించేవాడు. పాత స్పీకరు మీద వేలు పోసేవాళ్లు గది సంగతి చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పత్తి తెచ్చిన సంగీతాన్ని పత్తే తీసుకెళ్లింది. 1980లలో తెల్లదోమ పడింది. 1987-88 సీజనులో గుంటూరు, ప్రకాశం రైతులు నిండా మునిగారు. అప్పులకి తాళలేక పురుగుమందు తాగి పోయినవాళ్లు ఉన్నారు. ఆ ఏడు మా కొట్టు ముందు ఆగిన ఎడ్లబండ్లలో మైకుసెట్లు అద్దెకడిగేవాళ్లు తక్కువ, రేడియోగ్రాములు అమ్ముకునేవాళ్లు ఎక్కువ. నాన్న చాలావాటిని బేరమాడకుండా తీసుకున్నాడు. ఇవాళ కుర్రవాళ్లకి నేను చూపించే మంచి స్పీకర్లలో ఎక్కువ భాగం ఆ ఇళ్లవే. పేర్లు చెప్పను గానీ ఏది ఎవరింటిదో నాకు గుర్తే.

బూరలకి తర్వాత వంతు వచ్చింది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటిదాకా లౌడుస్పీకరు వాడకూడదన్నాయి. తెల్లవార్లూ సాగే నాటకానికి అదొక దెబ్బ. ఈలోగా డీజే పెట్టెలు దిగాయి. వాటిలో కడుపు అదిరే మోత ఉంది, మాట లేదు. సినిమా హాళ్లు మూతపడ్డప్పుడు తెర వెనక ఉండే పెద్ద స్పీకర్లు తూకానికి పోయాయి. అదే జాతి అమెరికా సరుకు, వెస్టర్న్ ఎలక్ట్రిక్, ఆల్టెక్ వాళ్లది, జపానులో సేకరించేవాళ్లు లక్షలు పోసి కొంటారు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. ముందు అయస్కాంతం. వెనక చిన్న గిన్నె బోర్లించినట్టుంటే ఆల్నికో కావచ్చు, బూడిదరంగు చక్రంలా ఉంటే ఫెర్రైటు. ఆల్నికోలో నికెలు, అల్యూమినియంతో పాటు కోబాల్టు ఉంటుంది. 1978లో జైరేలో, అంటే ఇప్పటి కాంగోలో, గనులున్న షాబా ప్రాంతం మీద తిరుగుబాటుదార్లు పడేసరికి కోబాల్టు ధర మండిపోయి, ప్రపంచమంతా స్పీకర్ల వాళ్లు ఫెర్రైటుకి మళ్లారు. ఆల్నికో తీపి పలుకుతుందనే మాటలో కొంత నిజముంది, కొంత మోజుంది. మంచి ఫెర్రైటు స్పీకరు దొరికితే వదలకండి. ఆల్నికోని మాత్రం శుభ్రం చేస్తానని ఎవరైనా అయస్కాంతం ఊడదీయబోతే చెయ్యి పట్టుకోండి. విడదీస్తే దాని బలం పడిపోతుంది, మళ్లీ బిగించినా పాత బలం రాదు.

తర్వాత కోను అంచు. మడతలుగా కాగితమో గుడ్డో ఉంటే యాభై ఏళ్లయినా నిలుస్తుంది. నురుగు అంచైతే చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలికి పదిహేనేళ్లకే వేలు తగిలితే రాలిపోతుంది. కోనుకి ఎలకకొట్టుడు సన్నగా ఉంటే పల్చటి కాగితం అంటించి నిలబెట్టొచ్చు. చెక్కకి చెద ఉంటే పెట్టె వదిలేసి స్పీకరొక్కటే తీసుకోండి.

అప్పుడు ఐదు వేళ్లూ కోను మీద సమంగా ఆనించి లోపలికి మెల్లగా నొక్కండి, చెవి దగ్గర పెట్టుకుని. ఇసుక రాసినట్టు గరగర వినిపిస్తే తీగచుట్ట అంచుకి తగులుతోంది, లేదా సందులో దుమ్ము చేరింది. మా వైపు స్పీకర్లలో ఆ దుమ్ములో దూది ఉంటుంది, మిర్చియార్డు దగ్గర ఇళ్లవైతే మిరప నలుసు కూడా. నోటితో ఊదకండి, ఇంకా లోపలికి పోతుంది. తర్వాత ఒకటిన్నర ఓల్టు సెల్లు తీసుకుని రెండు టెర్మినళ్లకీ క్షణం తాకించండి. టక్‌మని శుభ్రంగా కొట్టుకోవాలి. మీటరు పెడితే ఎనిమిది ఓంల స్పీకరు ఆరూ ఏడూ మధ్య చూపిస్తుంది. వాల్వు రేడియోలవి చాలా వరకు మూడు, నాలుగు ఓంలే ఉంటాయి. వాటిని కొత్త మిషనుకి తగిలించే ముందు ఆ మిషను అంత తక్కువ ఓంలు తట్టుకుంటుందో లేదో కనుక్కోండి.

ఇవన్నీ సరిపోయాక పాట పెట్టాలి. నేను ముందు మాధవపెద్ది సత్యంగారి పద్యం పెడతాను. ఆయనది పొన్నూరు వైపు బ్రాహ్మణకోడూరు. రాగం పైకి వెళ్లినప్పుడు గొంతు చీలకూడదు, ఒత్తులు ఒత్తుల్లాగే వినపడాలి. తర్వాత ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం. కోనులో ఎక్కడ బలహీనత ఉన్నా నాదస్వరం బయటపెడుతుంది, ఒక్కో స్వరం దగ్గర పెట్టె తనంతట తను మోగుతుంది. ఈ రెండూ దాటిన స్పీకరు ఘంటసాలగారిని తప్పకుండా పలికిస్తుంది. డోలు మోత తక్కువైందనిపిస్తే కంగారు పడొద్దు, పెట్టె వెనక చెక్క బిగించి లోపల పిడికెడు దూది పరిస్తే కొంత వస్తుంది. గింజ తీసిన మన దూదే చాలు, గట్టిగా కుక్కకుండా వదులుగా.

ఒకే రకం స్పీకర్ల జత కోసం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు. నాటక పద్యాల ప్లేట్లు, విజయవాడ రేడియో, యాభైల్లో అరవైల్లో వచ్చిన సినిమా పాటలు అన్నీ ఒకే గొట్టంలోంచి వచ్చినవి, కుడీ ఎడమా వాటిలో లేవు. మంచిది ఒక్కటి దొరికితే గది పొడుగు గోడ దగ్గర, గోడకి జానెడు ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తున బల్ల మీద పెట్టండి. ఎదురుగోడకి దుప్పటో పరుపో ఉండాలి. మిషను నుంచి కుడి ఎడమ తీగలు రెండూ కలిపి నేరుగా తగిలించకండి, మోనో బటన్ ఉంటే అది నొక్కండి, లేకపోతే ఒక్క చానలే వాడండి.