మూడు గొంతులు, ఒక తంబుర

ఒంగోలు నుండి పొదిలి పోవు బాటలో చీమకుర్తి కలదు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరయు గ్రానైటు వలన ఈ ఊరి పేరు నేడు సముద్రముల ఆవల కూడ వినవచ్చుచున్నది. కాని మేము చెప్పదలచినది రాతిని గురించి కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు ఈ ఊరు గుంటూరు జిల్లాలోనిదే. ఆ విశాలమైన జిల్లాలో, పత్తిచేల నడుమ, మిరప కళ్ళముల ప్రక్కన పెరిగిన ఒక కంఠధ్వనిని గురించి, ఆ ధ్వని యంత్రమునకు చిక్కిన వైనమును గురించి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయుదుము.

బుర్రకథ ఎరుగని తెలుగు ఇల్లు లేదు. దానికి తల్లి జంగము కథ. తంబుర మీటుచు జంగము కథ చెప్పును. ప్రక్కవారు గుమ్మెట వాయించుచు వంత పాడుదురు. వీరగాథలు, పతివ్రతల కథలు, బొబ్బిలి యుద్ధము, పల్నాటి యుద్ధము ఇట్లే తరతరములు నడచి వచ్చినవి. కథ మెల్లగా సాగును. తెల్లవారువరకు సమయమున్నప్పుడు తొందర ఎవరికి?

1940 తరువాత ఈ కథకు కొత్త నడక వచ్చినది. 1943లో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘము ఏర్పడగా, ఆంధ్రదేశమున ప్రజానాట్యమండలి తలయెత్తినది. డాక్టరు గరికపాటి రాజారావు ప్రభృతులు దానికి దన్నుగా నిలచినారు. నాటకములు ఆడవలెనన్న తెరలు కావలెను, దీపములు కావలెను, బండి బాడుగలు కావలెను. బుర్రకథకు ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు డక్కీలు చాలును. రచ్చబండ యెక్కినచో అదే రంగస్థలము. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ అను కథ వ్రాసినారు. అందు రాజులు లేరు. కూలి జనము కథానాయకులైనారు.

ఈ దళములో ముగ్గురి పనిని కొంచెము వివరముగా చెప్పవలెను. నడుమ కథకుడు. భుజముపై తంబుర, చేతి వ్రేళ్ళకు గలగలలాడు అందెలు. పాట, మాట, అడుగు మూడును అతనివే. ఒక ప్రక్క వంతవాడు హాస్యము పలుకును. రెండవ ప్రక్కవాడు రాజకీయము చెప్పును. ఈ రెండవవాని పాత్రయే కొత్త కాలపు బుర్రకథకు ప్రాణమని మా అభిప్రాయము. కథ పల్నాటిది కావచ్చును, ఏడెనిమిది వందల యేండ్ల నాటిది కావచ్చును. అతడు నడుమ అడ్డుపడి నేటి ధరల మాట, నేటి అధికారి మాట ఎత్తును. కథకుడు సమాధానము చెప్పి మరల కత్తి దూయును. వినువారికి పాత యుద్ధమేదో, కొత్త యుద్ధమేదో తెలియకుండ పోవును. నడక కూడ మారినది. వరుస దూకుడైనది. కథకుడు చటాలున ఆగును. ఆ నిశ్శబ్దములో డక్కీ దెబ్బ పడును.

ఈ కళను శిఖరమునకు చేర్చినవారు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూదేకుట కులవృత్తిగా గల కుటుంబమున జన్మించినారు. పత్తి నేలలో దూదేకుల వింటి నారి మ్రోగని పల్లె ఒకప్పుడు లేదు. ఆ నారి మ్రోతకును తంబుర తంతి మ్రోతకును చుట్టరికమున్నదని మేము అనుకొనుట కేవలము ముచ్చట కావచ్చును. నాజరు శాస్త్రీయ సంగీతమును అభ్యసించినవారు. అందుచేత పల్లెవరుసలో రాగము తొంగిచూచును. రాగము మధ్య పల్లెకేక వినిపించును. ‘పల్నాటి యుద్ధము’, ‘బొబ్బిలి యుద్ధము’, ‘అల్లూరి సీతారామరాజు’ వారి నోట వేలమంది విన్నారు. 1943 నాటి బెంగాలు కరువు కూడ వారికి కథావస్తువైనది.

ఇంత బలముగల కళను పాలకులు ఊరక విడుతురా? 1940ల చివరి సంవత్సరములలో మద్రాసు ప్రభుత్వము ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించినది. తంబురకు భయపడిన ప్రభుత్వము అది! ఆ తరువాత చిత్రమైన సంగతి జరిగినది. అన్ని పక్షములవారును బుర్రకథ దళములు పెట్టుకొన్నారు; ప్రభుత్వ ప్రచార శాఖలే కుటుంబ నియంత్రణమునకు, పొదుపునకు బుర్రకథలు చెప్పించినవి. రాజకీయము చెప్పువాడు సర్కారువారి మాటలు అప్పగించుట వినునప్పుడు మాకు కొంచెము నవ్వు, కొంచెము జాలి కలిగెడివి.

1954లో పక్షిరాజా వారి ‘అగ్గిరాముడు’ చలనచిత్రములో నాజరు దళము అల్లూరి సీతారామరాజు కథ చెప్పినది. 1922 నుండి 1924 వరకు మన్యములో సాగిన పోరాటము, రామరాజు వీరమరణము రేయంతయు చెప్పదగిన కథ. చిత్రములో దానికి దక్కినవి కొన్ని నిమిషములు. ఆనాటి గ్రామఫోను పళ్లెమునకు ఒక ముఖమున మూడు నిమిషములకు మించి చోటు లేదు. చిత్రమునకు ఫిలిము నిడివి హద్దు. కాలము కుదించినప్పుడు మొదట తరుగునది హాస్యము, ఆ వెనుక రాజకీయము. మిగులునది కథకుని వేగము. ముందు కూర్చున్న జనమును చూచి కథ పెంచుట, తగ్గించుట, ఎదురు చమత్కారము విసరుట యంత్రము ముందర సాధ్యము కాదు. అయినను, రచ్చబండ వద్దకు ఎన్నడు పోని పట్టణపు ఇండ్లవారు నాజరు గొంతు విన్నది తెర మీదనే. ఈ లాభనష్టములలో ఏది పెద్దదో మేము తూచజాలము.

దూరదేశపు ముచ్చట ఒకటి ఇచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. అమెరికా రాజధాని వాషింగ్టనులో 1980 ప్రాంతమున కొందరు యువకులు ‘హార్డ్‌కోర్’ అను ఉరుము వంటి సంగీతము ప్రారంభించినారు. పాట ఒక నిమిషము, రెండు నిమిషములు. అంతయు కేక, అంతయు వడి. వారిలోనే కొందరికి వట్టి కేక చాలదనిపించినది. 1987లో వేదిక యెక్కిన ‘ఫుగాజీ’ అను నలుగురి దళము ఆ వడిలో విరామములు పెట్టినది, జమైకా దేశపు లయను కలిపినది, రెండు గిటారులను ఒకదానికొకటి అడ్డుపడునట్లు పలికించినది. ఇట్టి ప్రయోగములకు ‘పోస్ట్ హార్డ్‌కోర్’ అని పేరు. చిన్న రికార్డుల తరువాత 1990లో వారి తొలి పూర్తి ఆల్బము ‘రిపీటర్’ వెలువడినది: పదునొకండు పాటలు, సుమారు 35 నిమిషములు. పెద్ద కంపెనీలను ఆశ్రయింపక తమవారి ‘డిస్కార్డ్’ సంస్థ నుండియే విడుదల చేసినారు. సభకు ప్రవేశ రుసుము సాధారణముగా అయిదు డాలర్ల ప్రాంతముననే ఉంచి, చిన్నపిల్లలను కూడ రానిచ్చిన దళమది. వారు బుర్రకథ విన్నవారని మేము అనుటలేదు. బిగ్గరగా పలుకు దళములో ఒక గొంతు మరియొక గొంతును నిలదీయవలెనన్న సంగతి వారికిని తట్టినదని మాత్రమే అనుచున్నాము. వారికి పళ్లెము మీద 35 నిమిషములు చిక్కినవి. మన నాజరుకు 1954లో అంత అదృష్టము లేదు.

బుర్రకథకు మరల చోటు కల్పించినది రేడియో. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము వెలసిన తరువాత పల్లెకళలకు ఆకాశమార్గము దొరికినది. అయితే రేడియోలో అడుగు కనబడదు, అందె వినబడును. కథకుడు మైకుకు దగ్గరగా, డక్కీ దూరముగా ఉండవలెను. లేనిచో మాట మునిగిపోవును. ముగ్గురు ఒకరి చుట్టు ఒకరు తిరుగుచు ఆడిన ఆట అది; నిలిచి పాడుమన్న, పాట వచ్చును గాని ఊపు రాదు. మంచి దళము ఆ ఊపును గొంతులోనే తెచ్చును. కన్నులు మూసి విన్నవారికి రాజకీయము చెప్పువాడు ప్రక్క నుండి అడ్డుపడుట కనిపించినట్లే యుండును.

నాజరుకు 1986లో పద్మశ్రీ బిరుదము లభించినది. 1997లో వారు కన్నుమూసినారు. తమ జీవితకథకు వారు పెట్టుకొన్న పేరు బిరుదుల పేరు కాదు, నాయకుల పేరు కాదు. ‘పింజారి’ అని.