మౌఖిక జీవితకథ – దస్త్రం: మేబెల్ కూపర్ ఉదంతం

బౌద్ధిక వైకల్యం గలవారి చరిత్ర చాలాకాలం వారిని గురించి ఇతరులు రాసిన దస్త్రాల ఆధారంగానే నిర్మితమైంది. బ్రిటన్‌లో 1913 నాటి మానసిక లోప చట్టం వారిని నాలుగు తరగతులుగా విభజించింది. సంస్థల రికార్డుల్లో ఆ తరగతుల పేర్లే వ్యక్తుల గుర్తింపులయ్యాయి. చిన్నతనం నుంచి సంస్థల్లో పెరిగిన మేబెల్ కూపర్ (1944–2013) సర్రే ప్రాంతంలోని కేటర్‌హామ్‌లో సెయింట్ లారెన్స్ ఆసుపత్రిలో దాదాపు 20 ఏళ్లు గడిపారు.

ఆమెకు చదవడం రాదు. అందుచేత 1990లలో ఓపెన్ యూనివర్సిటీ పరిశోధకురాలు డొరతీ అట్కిన్సన్ ఆమె మాటలను టేపుపై నమోదు చేసి, లిఖితరూపంలోకి మార్చి, క్రమంలో అమర్చి, తిరిగి ఆమెకే చదివి వినిపించారు. ఈ పద్ధతికి చదివి వినిపించడమే కీలకం. సవరించే హక్కు, సమ్మతించే హక్కు కథకురాలి వద్దనే నిలవడానికి అదే ఆధారం. ఆ కథ 1997లో ‘ఫర్‌గాటెన్ లైవ్స్’ సంపుటంలో వెలువడింది.

కథ చెప్పిన తరువాత కూపర్ తన పాత రికార్డులను వెతికించి, తనపై వేసిన ముద్రలను తెలుసుకున్నారు. ఒక వ్యక్తిని ఎప్పుడు చేర్చుకున్నారో, ఏ తరగతిలో ఉంచారో దస్త్రం చెబుతుంది. అక్కడి బతుకు ఎటువంటిదో మౌఖిక కథనమే చెప్పగలదు. దస్త్రాలు భాండాగారాల్లో నిలిచి ఉంటాయి. కథనం మాత్రం చెప్పేవారు జీవించి ఉండగా అడిగితేనే దక్కుతుంది.