వీడియో అయిపోయిందా మామయ్యా, ఇక ఆడుకోనా?

మొన్న ఉగాదికి తెనాలి దగ్గర మా ఊరెళ్లా. పొద్దున్నే పెరట్లో వేపచెట్టు కింద మా అక్క కూతురు కూర్చుని ఉంది. ఐదేళ్ల పిల్ల. రాలిన వేపపూతంతా పోగుచేసి, కొబ్బరి చిప్పలో వేసి పుల్లతో కలుపుతోంది. ఎదురుగా పడుకున్న కుక్కకి వడ్డిస్తోంది. "ఉప్పు చాల్లేదా? ఉండు" అంటూ ఇంకాస్త మట్టి వేస్తోంది.

నేను మెల్లగా ఫోన్ తీసి కెమెరా ఆన్ చేశా. అంతే, చిప్ప కింద పెట్టేసింది. లేచి నిలబడి, తల పక్కకి వంచి, రెండు వేళ్లు చూపించి నవ్వింది. కాసేపు అలాగే నిలబడి అడిగింది: "వీడియో అయిపోయిందా మామయ్యా? ఇక ఆడుకోనా?"

ఫ్రెండ్స్, ఆ మాట వినగానే నాకు సిగ్గేసింది. ఎందుకో చివర్లో చెప్తా. ముందు అసలు ప్రశ్న. ఆరుబయట తన మానాన తను ఆడుకుంటున్న పిల్లని, ఆ ఆట చెడకుండా ఫొటో తీయడం మనిషికి ఎప్పటినుంచి వచ్చింది? వచ్చిందా అసలు? ఈరోజు ఎపిసోడ్ దీని గురించే.

1838కి వెళ్దాం. పారిస్‌లో లూయీ డాగేర్ అనే ఆయన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫొటో తీశాడు. ఫొటో చూస్తే వీధంతా ఖాళీ. నిజానికి అది బాగా రద్దీగా ఉండే రోడ్డు. బండ్లు, గుర్రాలు, జనం అందరూ ఉన్నారు. కానీ ఆ ప్లేటు మీద బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలు వెలుగు తగలాలి. కదిలినవాళ్లెవరూ అందులో పడలేదు. స్పష్టంగా కనిపించేది ఒక్క మనిషే, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు కాబట్టి.

ఇప్పుడు నాలోని ఇంజనీర్‌ని కాసేపు బయటికి రానివ్వండి. పరిగెత్తే పిల్ల సెకనుకి 3 మీటర్లు వెళ్తుందనుకుందాం. ఫొటోకి 5 నిమిషాలు పడితే, ఆ లోపు 900 మీటర్లు వెళ్లిపోతుంది. ఫొటోలో ఉండదు, మాయం. 2 సెకన్లు పడితే 6 మీటర్లు, అంటే ఒక తెల్లటి పొగలాంటి గీత. సెకనులో 50వ వంతు అయితే 6 సెంటీమీటర్లు, కాస్త మసక. 1000వ వంతు అయితే 3 మిల్లీమీటర్లే, అప్పుడు గాల్లో ఎగిరిన జడ కూడా ఆగి కనిపిస్తుంది. పిల్లల ఆటని ఫొటో తీసిన చరిత్రంటే, ఒక రకంగా 900 మీటర్లని 3 మిల్లీమీటర్లకి తగ్గించిన చరిత్ర.

ఆ మధ్యకాలంలో ఏం చేశారంటే, పిల్లల్నే ఆపేశారు. స్టూడియోలో తల కదలకుండా వెనక నుంచి ఇనుప పట్టీ పెట్టేవాళ్లు. చంటిపిల్లలైతే అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, అమ్మ మీద దుప్పటి కప్పేసేవాళ్లు, కుర్చీలా కనిపించాలని. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడి ప్లేట్లు వచ్చాక పని సెకన్లలోకి వచ్చింది. కానీ ప్లేటు తడి ఆరకముందే రసాయనం పూయాలి, ఫొటో తీయాలి, డెవలప్ చేయాలి. మనలాంటి వేడి దేశంలో ఆ తడి ఇంకా త్వరగా ఆరిపోయేది. చలిదేశాల్లో బాధ ఇంకోటి. శీతాకాలంలో వెలుగు తక్కువ, కాబట్టి ఇంకా ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలి. వసంతం వచ్చి ఎండ పెరిగితే ఫొటోగ్రాఫర్‌కి కూడా పండగే. కాకపోతే సరిగ్గా అప్పుడే పిల్లలు బయటికి పరిగెత్తుతారు, కెమెరా మాత్రం వాళ్లని అందుకోలేదు.

మన దగ్గర సంగతేంటి? రాజా దీన్ దయాళ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచారు, అక్కడ ఫొటోలు తీసే పని ఒక ఇంగ్లిష్ మహిళకి అప్పగించారు. గొప్పింటి పిల్లలు పట్టు బట్టల్లో, నగల్లో, నిటారుగా నిలబడి ఫొటో దిగిన కాలం అది. ఆ ఫొటో ఇంటి హోదా గురించి చెప్తుంది. ఆ పిల్లాడికి గోలీలు ఇష్టమా, గాలిపటాలు ఇష్టమా అన్నది మాత్రం చెప్పదు. నిజం చెప్పాలంటే, నా చిన్నప్పటి ఫొటోల్లో సగం ఇంతే. వెనక జలపాతం ఉన్న తెర, ఇస్త్రీ చొక్కా, బిగుసుకుపోయిన మొహం. ఒంటిపూట బడుల రోజుల్లో మధ్యాహ్నమంతా కోతికొమ్మచ్చి ఆడిన నేను ఒక్క ఫొటోలోనూ లేను.

సరే, మళ్లీ కథలోకి. 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ జెలటిన్‌తో పొడి ప్లేట్లు చేయొచ్చని చెప్పాడు. ఆ దశాబ్దం చివరికి అవి ఎంత చురుగ్గా తయారయ్యాయంటే, సెకనులో చిన్న వంతు చాలు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. లోపలే 100 ఫొటోలకి సరిపడా ఫిల్మ్. ధర 25 డాలర్లు, అప్పట్లో అది పెద్ద మొత్తమే. 1900లో బ్రౌనీ వచ్చింది. ధర ఒక్క డాలర్. పైగా దాన్ని పిల్లల చేతికే ఇమ్మని ప్రచారం చేశారు.

పిల్లల చేతికి కెమెరా వస్తే ఏమవుతుందో చూడాలంటే ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్తీగ్‌ని చూడాలి. 1894లో బాగా డబ్బున్న ఇంట్లో పుట్టాడు. ఏడెనిమిదేళ్లకే వాళ్ల నాన్న కెమెరా ఇచ్చారు. ఇంక ఆగలేదు. అన్నయ్య చేత్తో తయారుచేసిన బండ్లు, గ్లైడర్లు, దూకే కుక్కలు, మెట్ల మీంచి గాల్లోకి ఎగిరిన చుట్టాలమ్మాయి, అన్నీ తీశాడు. 1905లో తన గదిలో బొమ్మకార్లని తీసిన ఫొటో ఒకటుంది. నేల ఎత్తు నుంచి తీసింది. పెద్దవాళ్లకి అది కాళ్ల కింద పడి ఉన్న సామాను. ఆ ఫొటోలో మాత్రం అవి రేసు కార్లే. ఆ ఫొటోల్ని లోకం పట్టించుకుంది 1963లో, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రదర్శన పెట్టినప్పుడు. అప్పటికి ఆయనకి 69 ఏళ్లు.

ఇక్కడే అసలు పాయింట్. అప్పట్లో వేగంగా తీసే కెమెరాలు చాలామంది దగ్గర ఉన్నాయి. లార్తీగ్‌కి ఉన్న అదనపు సౌకర్యం ఏంటంటే, అతను ఆటలో ఉన్నాడు. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి కాదు. అతన్ని చూసి ఎవరూ ఆట ఆపి నిలబడాల్సిన పనిలేదు. అంటే గోడలు రెండు. మొదటిది షట్టర్ వేగం, దాన్ని సైన్స్ పగలగొట్టింది. రెండోది, "నన్ను చూస్తున్నారు" అని పిల్లకి తెలియడం. దాన్ని ఏ మెషీనూ పగలగొట్టలేదు.

కొందరు దాన్ని తప్పించుకున్నారు. న్యూయార్క్‌లో హెలెన్ లెవిట్ అనే ఆవిడ 1930ల చివర్లో పేదవాళ్ల పేటల్లో తిరుగుతూ పిల్లల ఆటల్ని తీసింది. రోడ్డు మీద చాక్‌పీస్ బొమ్మలు, మాస్కులు, గోడలెక్కడాలు. ఆవిడ లైకా కెమెరాకి పక్కకి చూసే వ్యూఫైండర్ బిగించుకునేది. చూసేవాళ్లకి ఆవిడ మొహం ఒకవైపు, తీసేది ఇంకోవైపు. పిల్లలు ఆట ఆపలేదు. ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. అయినా నాకు ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది: ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు కదా?

ఇప్పుడు మన ఫోన్ చూడండి. కెమెరా యాప్ తెరిచి ఉంచితే, చాలా ఫోన్లలో మీరు బటన్ నొక్కకముందు ఫ్రేములు కూడా మెమరీలో తిరుగుతూ ఉంటాయి. నొక్కగానే అందులోంచి ఏరుకుంటుంది. డాగేర్‌కి నిమిషాలు పట్టిన పని మనకి మైనస్‌లోకి వెళ్లిపోయింది! మొదటి గోడ పొడి అయిపోయింది. కానీ రెండో గోడని మనమే ఇంకా ఎత్తు చేశాం.

ఇందాక సిగ్గేసిందన్నా కదా. పోయిన ఏడాది పాప వానలో గెంతుతున్న వీడియో నేనే పెట్టా. అప్పటికి నా వీడియోలన్నిటికంటే దానికే ఎక్కువ వ్యూస్. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఏదీ తల్లీ, ఆ స్టెప్పు మళ్లీ వెయ్యి" అనడం మొదలెట్టారు. పాపం వేసింది. పదిసార్లు వేసింది. ఫోన్ పైకి లేచిందంటే తనకి పని పడిందని నేర్చుకుంది. అప్పట్లో తల మీద ఇనుప పట్టీ పెట్టేవాళ్లు. నేను పట్టీ లేకుండానే ఆ పని చేశా. ఉగాది రాత్రే మా అక్కకి చెప్పి ఆ వీడియో తీసేశా. "ఇప్పటికైనా తెలిసిందిరా" అంది, అంతే.

మర్నాడు పొద్దున మళ్లీ వేపచెట్టు. ఈసారి ఫోన్ జేబులోనే ఉంచి వెళ్లి నేల మీద కూర్చున్నా. నాకూ ఒక ఆకులో వడ్డించింది. తిన్నట్టు చేశా. "ఇంకొంచెం పెట్టనా?" అంది. పెట్టించుకున్నా. అరగంట తర్వాత "ఒక ఫొటో తీసుకోనా?" అని అడిగా. "ఊఁ, కానీ నేను లేవను, పనుంది" అంది. ఫోన్ ఒళ్లోనే పెట్టి, మొహానికి అడ్డం లేకుండా, ఒక్కటే తీశా. వెంటనే జేబులో పెట్టేశా. చెయ్యి గాల్లో ఉంది, వేళ్ల మధ్య నుంచి పూత రాలుతోంది. కుక్క మొహంలో విసుగు. ఒక మూల నా వేలు కూడా పడింది.

మీ ఇంట్లో ట్రై చేస్తే ఇంతే చేయండి. వెలుతురు మెత్తగా ఉండే పొద్దున పూట, వాళ్ల ఎత్తుకి కూర్చోండి. షట్టర్ మార్చుకునే వీలుంటే 500వ వంతు కంటే వేగంగా పెట్టండి. "ఇటు చూడు" అనకండి. ఒకటి తీసి, ఫోన్ లోపల పెట్టి, మళ్లీ ఆటలోకి రండి.

ఆ ఫొటో చూపిస్తానని ఇంతసేపు కూర్చున్నారేమో, సారీ. అది చూపించట్లేదు. ప్రింట్ తీయించి మా అక్కకి ఇచ్చా. పెద్దయ్యాక ఎవరికి చూపించాలో పాపే చూసుకుంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.